పిల్లలతో విదేశాల్లో మొదటి స్నోబోర్డింగ్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుండి పిల్లలను తొలిసారి మంచు కొండలకు తీసుకువెళ్లాలనుకునే తల్లిదండ్రులు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకే రకంగా ఉంటున్నాయి. మా బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు ఐదేళ్లు ఉన్నప్పుడు మేము మొదటిసారి వెళ్లాము. ఆ తరువాత ఫోన్లలోనూ, బడి గేటు దగ్గరా, పెళ్లిళ్లలోనూ నేను చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## నిర్ణయం తీసుకునే ముందు

మా పాపకు నాలుగేళ్లు. స్నోబోర్డు ఇప్పుడే నేర్పించవచ్చా, లేక ముందు స్కీయింగ్ నేర్పించాలా?

స్కీయింగ్‌లో ఒక్కో కాలికి స్కీ అనే ఒక్కో సన్నని పొడవాటి పలక ఉంటుంది, రెండు కాళ్లు విడివిడిగా కదులుతాయి, బిడ్డ ముఖం ముందుకే ఉంటుంది. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి, శరీరం పక్కకు తిరిగి ఉంటుంది. ఆ స్థితిలో నిలదొక్కుకోవడానికి నడుములోనూ, చీలమండల్లోనూ కొంత బలం రావాలి. అందుకే స్కీయింగ్‌కు మూడు నాలుగేళ్ల పిల్లలను తీసుకునే శిక్షణ కేంద్రాలు కూడా స్నోబోర్డు బృంద తరగతులకు ఐదు నుండి ఏడేళ్ల వయసు అడుగుతాయి. అంతకంటే చిన్నపిల్లల కోసం బర్టన్ సంస్థ రిగ్లెట్ అనే పద్ధతిని తెచ్చింది. అందులో బోర్డు ముందు కొనకు తాడు తగిలించి, సమతలంగా ఉన్న మంచు మీద పెద్దవాళ్లు మెల్లగా లాగుతారు, బిడ్డ నిలబడడం మాత్రమే నేర్చుకుంటుంది. నాలుగేళ్ల పాపకు ఆ ఆట చాలు. వాలు మీదకు ఎక్కించడానికి తొందరపడవద్దని నా గట్టి అభిప్రాయం.

అసలు ఈ పలక పుట్టిందే పిల్లల కోసం. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే తండ్రి తన కూతుళ్ల కోసం రెండు స్కీలను పక్కపక్కన కలిపి బిగించి, నిలబడి జారే బొమ్మగా మార్చారు. ఆ తరువాత 1998లో నగానో ఒలింపిక్స్ నాటికి అది పెద్దల పోటీ క్రీడ అయింది.

పిల్లలు మంచును ఎన్నడూ చూడలేదు. ముందు మన దేశంలోనే గుల్మార్గ్‌కు వెళ్లి చూడడం మంచిదా?

వీలుంటే తప్పకుండా మంచిది. అయితే గుల్మార్గ్ గ్రామమే సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, అక్కడికి వెళ్లడం తేలిక ప్రయాణమని అనుకోకూడదు. దుబాయిలో బంధువులు ఉన్నవారికి ఇంకొక దారి కూడా ఉంది. అక్కడ 2005లో ప్రారంభమైన, కప్పు కింద మంచు నింపిన ఆవరణ అయిన స్కీ దుబాయ్‌లో ఒక పూట గడిపితే, సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో మీ బిడ్డ ఎంతసేపు సంతోషంగా ఉంటుందో తెలిసిపోతుంది. వరంగల్‌లో స్వెట్టర్ వేసుకోవడానికే మొరాయించే పిల్లల విషయంలో ఈ పరీక్ష ఎంతో ఉపయోగపడుతుంది.

వేసవి సెలవుల్లో వెళ్లడం కుదరదా?

దాదాపుగా కుదరదు. మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుండి జూన్ రెండవ వారం వరకు సెలవులు ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో చాలా మంచు కేంద్రాలు ఏప్రిల్‌లోనే మూతపడతాయి, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో జూన్‌లో గానీ తెరుచుకోవు. సరిగ్గా మనకు తీరిక ఉన్న రోజుల్లోనే రెండు చోట్లా మంచు ఉండదు. దసరా సెలవులు పొడవైనవే, న్యూజిలాండ్‌లో అప్పటికి ఋతువు చివరి రోజులు మిగిలి ఉండవచ్చు. కానీ ఆ సమయానికి మంచు మెత్తబడుతుంది, పైగా సద్దుల బతుకమ్మను వదిలి వెళ్లడానికి మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి మిగిలేది సంక్రాంతి. ఆ ఐదారు రోజులకు ముందో వెనుకో మూడు నాలుగు రోజులు బడికి సెలవు అడగక తప్పదు. రెండేళ్లకోసారి మేడారం జాతర కూడా ఆ దగ్గరలోనే వస్తుంది కాబట్టి, మొక్కు ఉన్న కుటుంబాలు జాతర తేదీలు చూసుకున్నాకే టికెట్లు కొనడం మంచిది.

ఏ దేశం ఎంచుకోవాలి? అందరూ స్విట్జర్లాండ్ అంటున్నారు.

స్విట్జర్లాండ్ అందమైన దేశమే. కానీ మొదటి ప్రయాణంలో పిల్లలు తిరిగేది వంద మీటర్ల పొడవైన చిన్న వాలు మీదే. ఆ వంద మీటర్ల కోసం ఎంత దూరం, ఎంత ఖర్చు, ఎంత ఎత్తు అనేవే అసలు లెక్కలు.

నేను మొదట సూచించేది కజకిస్తాన్‌లోని అల్మాటీ. భారతీయులు 14 రోజుల వరకు వీసా లేకుండా అక్కడ ఉండవచ్చు, ఢిల్లీ నుండి నేరుగా విమానాలు ఉన్నాయి. షింబులాక్ మంచు కేంద్రం నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆ దారిలోని మెదెయు దగ్గర కేబుల్ కారు ఎక్కితే 2,260 మీటర్ల ఎత్తున ఉన్న దాని పాదం వద్ద దిగుతారు. నగరంలోనే బస చేసి పగలు పైకి వెళ్లి రావచ్చు కాబట్టి, పిల్లలు రాత్రి తక్కువ ఎత్తులో నిద్రపోతారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తలనొప్పితో రాత్రంతా ఏడ్చే బిడ్డను ఒకసారి ఎత్తుకుని తిరిగిన వారికి దీని విలువ తెలుస్తుంది.

జార్జియాలోని గుడౌరి రెండవది. ఆ దేశ రాజధాని తిబిలిసి నుండి సుమారు 120 కిలోమీటర్ల కొండదారిలో వెళ్లాలి. విశాలమైన, చెట్లు లేని వాలులు దాని గొప్పతనం. కానీ బస దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది, హిమపాతం ఎక్కువైతే దారి మూసివేస్తారు. తిరుగు విమానానికి ముందురోజే తిబిలిసికి దిగి ఉండాలి.

ఖర్చుకు వెనుకాడనివారికి జపాన్‌లోని నిసెకో చిన్నపిల్లలకు అన్నింటికంటే అనుకూలమని నేను భావిస్తాను. అక్కడి అన్నుపురి శిఖరమే 1,308 మీటర్లు, పాదం చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది ఉండదు. మంచు మెత్తగా ఉంటుంది కాబట్టి పడినా దెబ్బ తక్కువ. ఇంగ్లిష్‌లో బోధించే శిక్షకులు సులువుగా దొరుకుతారు. అయితే జనవరిలో అక్కడ దాదాపు ప్రతిరోజూ మంచు కురుస్తుంది, ఎండ కనిపించడం అరుదు.

నానమ్మ, తాతయ్యలను కూడా తీసుకువెళ్లవచ్చా?

తీసుకువెళ్లవచ్చు. షింబులాక్ వంటి చోట్ల జారనివారు కూడా కేబుల్ కారులో వెళ్లి, పైన భోజనశాలలో కూర్చుని పిల్లలను చూడవచ్చు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు ఆ ఎత్తు గురించి ముందే తమ వైద్యుడిని అడగాలి, మంచు మీద నడవడానికి జారని అడుగు ఉన్న బూట్లు తప్పనిసరిగా వేసుకోవాలి.

## పత్రాలు, ఖర్చులు

పిల్లల పాస్‌పోర్ట్‌కు హైదరాబాద్ వెళ్లాలా?

అవసరం లేదు. వరంగల్‌లోని పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే సమయం తీసుకోవచ్చు. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్ల వరకే చెల్లుతుంది కాబట్టి, పాత పాస్‌పోర్ట్ ఉన్నవారు గడువు తేదీ చూసుకోవాలి. ప్రయాణ తేదీకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండడం క్షేమం. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి ఆధారంగా జనన ధ్రువీకరణ పత్రమే కావాలి. అందులో పేరు నమోదు కాకపోతే ముందు మున్సిపల్ కార్యాలయంలోనో, పంచాయతీలోనో ఆ పని పూర్తి చేసుకోండి.

మా ఆయన గల్ఫ్‌లో ఉంటారు. నేను ఒక్కదాన్నే పిల్లలతో బయలుదేరితే ఇబ్బంది ఉంటుందా?

ఇది జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుండి తరచుగా వచ్చే ప్రశ్న. పిల్లల పాస్‌పోర్ట్ దరఖాస్తుకు ఇద్దరు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తండ్రి విదేశంలో ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణపత్రం తెప్పించుకోవాలి. ప్రయాణ సమయంలో కూడా పిల్లలు తల్లితో ఫలానా తేదీల్లో ఫలానా దేశానికి వెళ్లడానికి తనకు సమ్మతమేనని తండ్రి సంతకం చేసి నోటరీ చేయించిన లేఖ, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు చేతి సంచిలో ఉంచుకోండి. ఎవరూ అడగకపోయినా నష్టం లేదు; అడిగిన రోజున అవి లేకపోతే విమానాశ్రయంలో పిల్లలతో నిలబడిపోవలసి వస్తుంది.

యూరప్‌కు వెళ్తే వీసా రుసుము పిల్లలకు కూడా ఉంటుందా?

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుండి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్లలోపు వారికి రుసుము లేదు. పన్నెండేళ్లలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండే దరఖాస్తు చేయవచ్చు కాబట్టి, సంక్రాంతికి వెళ్లాలనుకునేవారు దసరా నాటికే పత్రాలు సిద్ధం చేసుకోవాలి.

మామూలు ప్రయాణ బీమా సరిపోతుందా?

సరిపోకపోవచ్చు. మన దగ్గర అమ్మే అనేక ప్రయాణ బీమా పాలసీలలో సాహస క్రీడల వల్ల కలిగే గాయాలకు పరిహారం ఉండదు, లేదా దాని కోసం విడిగా అదనపు రుసుము కట్టాలి. పాలసీ పత్రంలో మినహాయింపుల భాగాన్ని పూర్తిగా చదివి, స్నోబోర్డింగ్ అనే మాట పేరుతో సహా చేర్చారో లేదో చూడండి. పర్వత రక్షక బృందం వచ్చి కిందికి దించడానికి, అవసరమైతే హెలికాప్టర్‌కు అయ్యే ఖర్చు కూడా అందులో ఉండాలి. గుర్తులు పెట్టిన వాలుల బయట జారితే చాలా పాలసీలు చెల్లవు. ఏజెంటు నోటిమాటగా ఇచ్చిన హామీని నమ్మవద్దు, మెయిల్‌లో రాసి పంపమని అడగండి.

ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

లిఫ్ట్ పాస్ దగ్గర, అంటే వాలు పైకి తీసుకువెళ్లే కేబుల్ కార్లు, తీగ కుర్చీలు ఎక్కడానికి కొనే టికెట్ దగ్గర. కొత్తవారు కొండంతటికీ చెల్లే పాస్ కొని, దానిని మెడలో వేసుకుని కిందనే రోజంతా గడపడం నేను చాలాసార్లు చూశాను. నేర్చుకునే చిన్న వాలుకు చాలా కేంద్రాలలో విడిగా తక్కువ ధర టికెట్ ఉంటుంది, ఐదారేళ్లలోపు పిల్లలకు అనేక చోట్ల ఉచితం. శిక్షకుడి రుసుము, హెల్మెట్ అద్దె, బీమా, ఈ మూడింటిలో మాత్రం పొదుపు చేయవద్దు.

## ఇంటి దగ్గర సిద్ధం కావడం

బట్టలు ఏవి కొనాలి, ఏవి అద్దెకు తీసుకోవాలి?

బోర్డు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకు తీసుకోండి. పైన వేసుకునే నీరు చొరని కోటు, ప్యాంటు కూడా పెద్ద కేంద్రాలలో అద్దెకు దొరుకుతాయి. కొనవలసినవి ఒంటికి అంటుకుని ఉండేవి: ఊలు లేదా పాలిస్టర్ లోదుస్తులు, వాటిపైకి ఒక ఫ్లీస్ (మెత్తని నూగు ఉన్న వెచ్చని గుడ్డ) చొక్కా, పొడవాటి ఊలు సాక్సులు, రెండు జతల చేతి తొడుగులు, మంచులో పెట్టుకునే కళ్లద్దాలు (గాగుల్స్). చలికాలంలో మన రోడ్ల పక్కన వెలిసే స్వెట్టర్ల దుకాణాల సరుకు సాయంత్రం నగరంలో తిరగడానికి పనికివస్తుంది. నూలు బనియన్లు, జీన్స్ మాత్రం మంచు మీదికి అస్సలు వద్దు. నూలు చెమటను, మంచునీటిని పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. ఐదు వేళ్లు విడిగా ఉండే తొడుగుల కంటే, నాలుగు వేళ్లు ఒకే గదిలో ఉండే తొడుగులు చిన్నపిల్లలకు వెచ్చగా ఉంటాయి.

చలికి భయపడి రెండు జతల సాక్సులు వేస్తే మంచిదే కదా?

మంచిది కాదు. మొదటి రోజు మా పాపకు నేను అదే చేశాను. పది నిమిషాలకే కాళ్లు చల్లగా ఉన్నాయని ఏడ్చింది. బూటు విప్పి చూస్తే వేళ్లు పాలిపోయి ఉన్నాయి, రెండో సాక్సు మడత పడి పాదం మీద ఎర్రటి గీత పడింది. బూటు బిగుతైతే రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే ఎన్ని సాక్సులు వేసినా పాదం వెచ్చబడదు. ఒకే జత, మోకాలి కింది వరకు వచ్చేది, మడతలు లేకుండా వేయండి. నిలబడినప్పుడు కాలివేళ్లు బూటు ముందుభాగాన్ని కొద్దిగా తాకాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ పైకి లేవకూడదు.

వరంగల్‌లో మంచు లేదు. ముందుగా ఏమి అభ్యాసం చేయించగలం?

కాళ్ల బలం, పక్కకు తిరిగి నిలబడే అలవాటు, ఈ రెండూ ఇక్కడే వస్తాయి. రెండు నెలల ముందు నుండి వారానికి రెండు మూడుసార్లు పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కించి దించండి. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచి దిగమనండి. ఇంట్లో ఒక చెక్క పలక కింద చుట్టిన దుప్పటి పెట్టి, దాని మీద పక్కకు తిరిగి నిలబడి బంతి పట్టుకునే ఆట ఆడించవచ్చు. నున్నటి గచ్చు మీద సాక్సులతో పరుగెత్తి జారినప్పుడు బిడ్డ ఏ కాలు ముందు పెడుతుందో గమనించండి. సాధారణంగా బోర్డు మీద కూడా ఆ కాలే ముందుంటుంది, అద్దె దుకాణంలో ఈ సంగతి తప్పకుండా అడుగుతారు.

మాటలు కూడా నేర్పాలి. శిక్షకుడు పది నిమిషాల్లో యాభై సార్లు అనేవి ‘హీల్’ (మడమ), ‘టో’ (కాలివేళ్లు) అనే రెండు మాటలు, అంటే బోర్డు ఏ వైపు అంచు మీద బరువు వేయాలో చెప్పేవి. ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నా, హీల్ అంటే మడమ అని మా పాపకు తెలియదు. తెలియక శిక్షకుడి ముఖంలోకి చూస్తూ నిలబడింది.

తినడానికి ఏమి తీసుకువెళ్లాలి?

సంక్రాంతి రోజుల్లోనే వెళ్తారు కాబట్టి సకినాలే అన్నింటికంటే మంచివి. అవి చలికి పాడవవు, తొడుగు విప్పిన ఒక్క చేత్తో తినవచ్చు, జేబులో విరిగినా రుచి మారదు. మాంసం, పాలతో చేసిన పదార్థాలను యూరోపియన్ యూనియన్ దేశాలలోకి బయటి నుండి తీసుకురానివ్వరు, జపాన్‌లో మాంసం పదార్థాలపై కఠిన నిషేధం ఉంది. కాబట్టి పాలకోవా, కోడి పచ్చడి ఇంట్లోనే ఉంచండి. అన్నం వండుకునే కుక్కర్ తీసుకువెళ్లాలనుకునేవారు జపాన్‌లో విద్యుత్తు 100 వోల్టులని గుర్తుంచుకోవాలి. మన కుక్కర్ అక్కడ సరిగా పనిచేయదు. కజకిస్తాన్, జార్జియాలలో ఆ సమస్య లేదు.

## మంచు మీద

మొదటి రోజు ఎంతసేపు జారనివ్వాలి?

పిల్లలకు మంచు మీద ఒంటిపూట బడి చాలు. ఉదయం రెండు గంటలు శిక్షణ, ఆ తరువాత వేడి తిండి, మధ్యాహ్నం మంచుబంతులు, బొమ్మలు. డబ్బు కట్టాము కదా అని సాయంత్రం వరకు లాగితే అలసిన కాళ్లతో పడి దెబ్బ తగిలించుకుంటారు, మరునాడు బూటు చూస్తేనే ఏడుస్తారు. ఎత్తైన చోటికి వెళ్తే మొదటి రోజంతా బోర్డు ముట్టకుండా నీళ్లు బాగా తాగిస్తూ నెమ్మదిగా తిప్పండి. తలనొప్పి, వాంతి, ఆకలి మందగించడం, అసాధారణమైన మగత కనిపిస్తే ఆ రోజు ఇంకా పైకి తీసుకువెళ్లవద్దు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు.

నాకు కొంచెం వచ్చు. పిల్లలకు నేనే నేర్పితే సరిపోదా?

శిక్షకుడికి అప్పగించండి. తల్లిదండ్రులు చెబితే పిల్లలు వాదిస్తారు, భయపడితే వెంటనే ఎత్తుకోమంటారు. శిక్షకుడు నేర్పే క్రమం కూడా వేరు. ముందు ఒక కాలు మాత్రమే బిగించి సమతలంలో తోసుకుంటూ నడవడం, తరువాత బోర్డు మడమ వైపు అంచు మీద నిలబడి అడ్డంగా, మెల్లగా దిగడం, ఆ తరువాతే రాలే ఆకులా అటూ ఇటూ తేలుతూ రావడం. మలుపులు చివరికి వస్తాయి. మేజిక్ కార్పెట్ అని పిలిచే కదిలే పట్టీ మీద ఎక్కడం దిగడం అలవాటైన తరువాతే చైర్‌లిఫ్ట్, అంటే తీగకు వేలాడుతూ పైకి వెళ్లే కుర్చీ గురించి ఆలోచించాలి.

ఎలా పడాలో నేర్పాలంటున్నారు. అది నిజమేనా?

నిజమే, అదే మొదటి పాఠం. కొత్తగా స్నోబోర్డు నేర్చుకునేవారికి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే, ఎందుకంటే పడుతున్నప్పుడు ఎవరైనా అరచేయి చాపి నేలను ఆపబోతారు. ముందుకు పడితే పిడికిలి బిగించి ముంజేతుల మీద పడాలని, వెనక్కి పడితే గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు దగ్గరకు తీసుకుని కూర్చున్నట్లు పడాలని నేర్పండి. ఇంట్లో పరుపు మీద వారం రోజులు ఆడిస్తే శరీరానికి అలవాటవుతుంది. మణికట్టు రక్షకాలు, హెల్మెట్ లేకుండా బోర్డు ఎక్కనివ్వవద్దు.

చలి మరీ ఎక్కువైందని ఎలా తెలుసుకోవాలి? పిల్లలు చెప్పరు.

ఆటలో పడి చెప్పరు, అందుకే మీరే చూడాలి. ప్రతి పావుగంటకోసారి చెంపలు, ముక్కు కొన, చెవులు చూడండి. చర్మం మీద తెల్లని మచ్చలా కనిపించి, తాకితే స్పర్శ తెలియడం లేదంటే వెంటనే లోపలికి తీసుకువెళ్లండి. మంచుతో గానీ చేత్తో గానీ రుద్దవద్దు. మీ వెచ్చని అరచేయిని ఆనించి ఉంచండి, వేళ్లయితే మీ చంకలో పెట్టుకోండి. తొడుగుకూ కోటు చేతికీ మధ్య ఉండే వేలెడు సందు నుండి దూరే మంచే పిల్లల చేతులు కొంకర్లు పోవడానికి సాధారణ కారణం, కాబట్టి తొడుగు అంచును కోటు లోపలికి దోపి పట్టీ బిగించాలి.

అంత చలిలో ఎండకు రాసే క్రీము ఎందుకు?

కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం వరకు తిరిగి పైకి పంపుతుంది, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు వాటి తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా క్రీము రాయండి. మబ్బు పట్టినా కళ్లద్దాలు తీయనివ్వవద్దు.

వాలుల రంగులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయా?

అవును, ఇది తెలియక కొందరు ఇబ్బంది పడుతున్నారు. యూరప్‌లో నీలం రంగు సులువైన వాలు, ఎరుపు మధ్యస్థం, నలుపు కఠినం. ఫ్రాన్స్ వంటి చోట్ల నీలం కంటే సులువైనదిగా ఆకుపచ్చ ఉంటుంది. అమెరికాలో ఆకుపచ్చ సులువైనది, నీలం మధ్యస్థం. జపాన్‌లో ఆకుపచ్చ తరువాత ఎరుపు వస్తుంది. ఎక్కడైనా ఒక నియమం మారదు: దిగువన ఉన్నవారికే దారి హక్కు, వెనుక నుండి వచ్చేవారే తప్పుకోవాలి. ఆగాలనుకుంటే వాలు అంచుకు వెళ్లి ఆగాలని పిల్లలకు నేర్పండి.

అన్ని బట్టలు వేశాక బాత్రూం అంటే ఏం చేయాలి?

బూట్లు తొడిగే ముందు, అడిగినా అడగకపోయినా, ఒకసారి తీసుకువెళ్లండి. భుజాల పట్టీలున్న ప్యాంటు కంటే నడుము దగ్గర విప్పగలిగేది చిన్నపిల్లలకు నయం.

గుంపులో తప్పిపోతే?

కోటు లోపలి జేబులో మీ ఫోన్ నంబరు, హోటల్ పేరు ఆ దేశ భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ రాసిన అట్టముక్క ఉంచండి. మంచులో అందరూ ఒకేలా కనిపిస్తారు కాబట్టి ముదురు రంగు కోటు కాకుండా బంతిపూవు రంగు వంటిది ఎంచుకోండి. తప్పిపోతే వాలు అంచున కూర్చుని, లిఫ్ట్ సిబ్బందిని గానీ శిలువ గుర్తున్న కోటు వేసుకున్న రక్షక సిబ్బందిని గానీ పిలవాలని చెప్పండి. యూరప్, జార్జియా, కజకిస్తాన్‌లలో అత్యవసర నంబరు 112, జపాన్‌లో అంబులెన్సుకు 119.

## తిరిగి వచ్చాక

ఇంటికి వచ్చి మూడు రోజులైనా బాబు మణికట్టు నొప్పి అంటున్నాడు. బెణుకేనా?

బెణుకని తీర్మానించుకుని పసరుకట్టు కట్టించవద్దు. పిల్లల ఎముకల కొనల దగ్గర ఎదుగుదల పొర ఉంటుంది. అక్కడ తగిలిన దెబ్బ పైకి కొద్దిపాటి వాపుగానే కనిపించినా, పట్టించుకోకపోతే ఎముక పెరుగుదలపై ప్రభావం పడవచ్చు. ఎముకల వైద్యుడికి చూపించి ఎక్స్‌రే తీయించండి, ఎలా పడ్డాడో కూడా వివరంగా చెప్పండి.

పిల్లలకు బాగా నచ్చింది. వచ్చే ఏటికి సొంత బోర్డు కొనవచ్చా?

ఇప్పుడే వద్దు. ఛాతీకీ గడ్డానికీ మధ్య వరకు వచ్చే బోర్డు నేర్చుకునే పిల్లలకు సరిపోతుంది, ఏడాదిలో ఆ కొలతా పాదం కొలతా రెండూ మారతాయి. కోట్లను ఉతికించేటప్పుడు బట్టలను మెత్తబరిచే ద్రవం వాడితే నీరు చొరని గుణం పోతుంది. మామూలు తేలికపాటి సబ్బు ద్రవంతో ఉతికి, నీడలో ఆరవేసి, నలగకుండా హ్యాంగర్‌కు తగిలించి ఉంచండి. మా బాబు కోటు, ఫ్లీస్ చొక్కా ఈ ఏడు మా తమ్ముడి కొడుకు వేసుకుని వెళ్తున్నాడు.